నాన్నా... ఐడీ పోయింది!

*ఏళ్ల తరబడి ఆడి గెలుచుకున్నదీ, డబ్బు పోసి కొన్నదీ ఒక్క రాత్రిలో మాయమవుతోంది. దొంగ వచ్చి తాళం పగలగొట్టడం లేదు. మర్యాదగా అడుగుతున్నాడు. పిల్లలు ఇచ్చేస్తున్నారు.*

రాత్రి పదకొండు దాటింది. హాల్లో టీవీ ఆగిపోయింది. ఇంటర్ చదివే కుర్రాడు దుప్పట్లో దూరి బీజీఎంఐ ఆట తెరిచాడు. ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకున్నాడు, అమ్మ లేస్తే వినపడాలిగా! నలుగురి స్క్వాడ్‌లో ఇంకా ఇద్దరే వచ్చారు. మిగతావాళ్ల కోసం లాబీలో ఎదురు చూస్తుంటే మెసెంజర్ మోగింది. స్క్వాడ్‌లో మూడోవాడే.

‘మామా, యానివర్సరీ ఈవెంట్. ఎమ్416 గ్లేసియర్ ఫ్రీగా ఇస్తున్నారు. నాకొచ్చింది. పన్నెండు వరకే, తొందరగా కొట్టెయ్.’ కింద లింకు.

నొక్కాడు. పైన ఆట లోగో. మధ్యలో మంచురంగు తుపాకి గిర్రున తిరుగుతోంది. పక్కనే గడియారం ఒక్కో సెకనూ తగ్గుతోంది. అడుగున పేర్లు జారిపోతున్నాయి... ఫలానా ప్లేయర్‌కి ఇప్పుడే యూసీ (ఆటలో డబ్బు) వచ్చింది, ఫలానా ప్లేయర్‌కి సూట్ వచ్చింది అంటూ. ‘క్లెయిమ్’ నొక్కితే ఫేస్‌బుక్ లాగిన్ పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టాడు. ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అంది. కంగారులో ఏదో అక్షరం తప్పి ఉంటుందనుకుని ఈసారి నిదానంగా కొట్టాడు. తీసుకుంది. ఆ వెంటనే ఫోన్‌కి ఆరంకెల కోడ్ వచ్చింది. అదీ అడిగింది, అదీ ఇచ్చాడు. ‘అభినందనలు! 24 గంటల్లో మీ ఇన్‌బాక్స్‌కి చేరుతుంది’. ఆ సంతోషంలో అదే లింకును పిన్ని కొడుక్కీ పంపాడు.

తెల్లారేసరికి ఆట బయటికి నెట్టేసింది. ఫేస్‌బుక్‌లోకి వెళ్దామంటే పాస్‌వర్డ్ తప్పంటోంది. స్నేహితుడికి ఫోన్ చేస్తే, ‘నేనెక్కడ పంపాన్రా? నా ఐడీ పోయి రెండ్రోజులైంది’ అన్నాడు. వంటింట్లోకి వెళ్లి అమ్మకు చెప్పాడు. ‘పీడా పోయింది. ఇకనైనా పుస్తకం తియ్’ అంది అమ్మ, ఇడ్లీ రేకులు దించుతూ.

ఈ కుర్రాడికి ఊరూ పేరూ పెట్టలేదు. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఇలాంటి మోసాలు నడిచే తీరునంతా ఒక్క రాత్రిలోకి కూర్చి చెప్పిందే. అయితే అమ్మ అన్న ఆ మాట మాత్రం చాలా ఇళ్లలో వినపడేదే. దొంగకు అంతకన్నా కావాల్సింది లేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించాక ఇళ్లలో ఆటల మీద చర్చ పెరిగింది. డబ్బు పణంగా పెట్టి ఆడే ఆటల్ని ఆ చట్టం నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌కి గుర్తింపు ఇచ్చింది. రమ్మీలో ఎవరెంత పోగొట్టుకున్నారో అందరం మాట్లాడుకున్నాం. పందెం లేని ఆటల్లో పిల్లల చేతుల్లోంచి జారిపోతున్న ఐడీల ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

‘ఆటే కదా’ అంటే ఎలా?

పెద్దవాళ్ల కంటికి అది తుపాకులు పేల్చే బొమ్మ. పిల్లాడి కంటికి అందులో మూడు నాలుగేళ్ల జీవితం ఉంటుంది. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టిన ర్యాంకు, బడి మారిపోయినా స్క్వాడ్‌లో మిగిలిన స్నేహితులు, సంక్రాంతికి తాతయ్య ఇచ్చిన డబ్బులతో కొన్న మొదటి స్కిన్ (తుపాకికో వేషానికో వేసే కొత్త రూపు)... అన్నీ ఆ ఒక్క ఐడీకి కట్టి ఉంటాయి.

పైగా ఆ ఐడీని మనవాళ్లు ఎన్ని గండాలు దాటించుకుంటూ వచ్చారో! 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించింది. 2021 జులైలో క్రాఫ్టన్ సంస్థ బీజీఎంఐని తెచ్చినప్పుడు పాత ఆటలోని సామగ్రిని కొత్తదానిలోకి మార్చుకునే వీలిచ్చింది. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగొచ్చింది. మధ్యలో 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధంలోకి వెళ్తే, పిల్లలు ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌కి మారారు. ప్రభుత్వం నిషేధించినా పోని ఐడీ, స్నేహితుడి పేరుతో వచ్చిన ఒక్క మెసేజ్‌కి పోతోంది.

ఇక ఖర్చు సంగతి. బీజీఎంఐ వచ్చిన కొత్తలో, 18 ఏళ్లలోపు వాళ్లు రోజుకు మూడు గంటలకు మించి ఆడకూడదనీ, 7,000 రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదనీ పరిమితి పెట్టారు. పిల్లాడికి రోజుకు ఏడు వేలు ‘పరిమితి’ అంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కానీ ఆటలో ఎంత డబ్బు తిరుగుతుందో ఆ అంకె చెప్పకనే చెబుతుంది. డబ్బు తిరిగే చోటికి దొంగ రాకుండా ఉంటాడా?

కొట్టేసిన ఐడీతో దొంగకు మూడు లాభాలు. మొదటిది, అమ్ముకోవడం. ఐడీలు కొనడం, అమ్మడం రెండూ ఆటల నిబంధనలకు విరుద్ధమే. అయినా టెలిగ్రామ్, ఇన్‌స్టాగ్రామ్ గ్రూపుల్లో ‘ఐడీ సేల్’ బేరాలు బాహాటంగానే నడుస్తుంటాయి. రెండోది, ఆ పేరుతోనే స్నేహితులకు మళ్లీ ఎర వేయడం. మూడోది మనం ఊహించనిది: ఆటకు కట్టి ఉన్న ఫేస్‌బుక్కో, జీమెయిలో మొత్తంగా చేతికి రావడం. అసలు నష్టం అక్కడే. దాని సంగతి తర్వాత.

తెర మీద బొమ్మ పోతే అది దొంగతనమా అనే ప్రశ్నకు నెదర్లాండ్స్‌లో చాలాముందే జవాబు దొరికింది. హబ్బో హోటల్ అనే ఆటలో పిల్లలు గదులు కొనుక్కుని కుర్చీలూ సోఫాలూ అమర్చుకునేవాళ్లు. నకిలీ పేజీలతో పాస్‌వర్డ్‌లు రాబట్టి, 4,000 యూరోల విలువైన ఆ ‘ఫర్నిచర్’ని తన గదులకు తరలించాడని 2007లో అక్కడి పోలీసులు 17 ఏళ్ల కుర్రాణ్ని అరెస్టు చేశారు. మరో కేసులో ఇద్దరు అబ్బాయిలు 13 ఏళ్ల పిల్లాణ్ని కొట్టి, కత్తి చూపించి బెదిరించి, రూన్‌స్కేప్ ఆటలో వాడి తాయెత్తునీ ముసుగునీ తమ ఖాతాల్లోకి మార్పించుకున్నారు. అవి నిజమైన వస్తువులే కావు, దొంగతనం ఎలా అవుతుందని న్యాయవాది వాదించాడు. అక్కడి సుప్రీంకోర్టు 2012 జనవరిలో ఆ వాదన కొట్టేసింది. వాటిని సంపాదించడానికి ఆ పిల్లాడు పెట్టిన సమయం, శ్రమే వాటికి విలువనిచ్చాయంది. ‘పీడా పోయింది’ అనే ముందు ఈ తీర్పు ఒకసారి తలచుకోవాలి.

పేజీలో ప్రతి వంకరకూ ఓ లెక్క ఉంది

ఆ రాత్రి కుర్రాడు చూసిన పేజీలోకి మళ్లీ వెళ్దాం. అందులో ఏదీ ఊరికే పెట్టింది కాదు.

తగ్గిపోతున్న గడియారం ఆలోచించనివ్వకుండా ఉండటానికి. పేజీ మూసి మళ్లీ తెరిస్తే ఆ గడియారం మొదటికొస్తుంది, కానీ ఆ కంగారులో ఎవరు చూస్తారు? కింద జారే పేర్లు ముందే రాసిపెట్టినవి. ‘పాస్‌వర్డ్ తప్పు’ అనడం అన్నిటికన్నా గడుసు ఎత్తు. మొదటిసారి కొట్టింది నిజంగా తప్పే అయితే దొంగకు పనికిరాదు. రెండోసారి మనిషి జాగ్రత్తగా కొడతాడు. అనుమానపడి వేరే పాస్‌వర్డ్ ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు, అప్పుడు రెండు పాస్‌వర్డ్‌లు దక్కుతాయి.

ఆరంకెల కోడ్ ఎలా వచ్చింది? మనవాడు నకిలీ పేజీలో పాస్‌వర్డ్ కొట్టిన మరుక్షణమే, అవతల దొంగో వాడి ప్రోగ్రామో దాన్ని అసలు ఫేస్‌బుక్‌లో కొట్టింది. అసలు ఫేస్‌బుక్ తన ధర్మం ప్రకారం కోడ్‌ని అసలు యజమాని ఫోన్‌కే పంపింది. ఆ కోడ్ నిజమైనదే. దాన్ని అడిగిన పేజీయే దొంగది. ‘నాకు ఓటీపీ ఉందిగా, ఏం కాదు’ అనే ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. ‘24 గంటల్లో వస్తుంది’ అన్నది చివరి ముడి. ఆ గడువులో మనవాడు బహుమతి కోసం ఎదురుచూస్తాడు తప్ప పాస్‌వర్డ్ మార్చడు. దొంగకు అంత వ్యవధి చాలు.

మరి కనిపెట్టడం ఎలా? ఆధారం మన కళ్లెదుటే, పేజీ పైనున్న అడ్రసు పట్టీలో ఉంటుంది. దాన్ని ఎడమ నుంచి చదివితే మోసపోతాం. ‘ఫేస్‌బుక్ డాట్ కామ్ డాట్ ఏదో-రివార్డ్ డాట్ ఎక్స్‌వైజెడ్’ అని ఉందనుకోండి. ఫోన్ చిన్న తెర మీద మొదటి రెండు మాటలే కనిపించి ధైర్యం వస్తుంది. అడ్రసులో తొలి ఒంటి ఏటవాలు గీత (/) ఎక్కడుందో చూసి, దానికి ఎడమవైపు చివరి రెండు మాటలు చదవాలి. సైటు యజమాని అక్కడ ఉంటాడు. పై ఉదాహరణలో యజమాని ‘ఏదో-రివార్డ్’, ఫేస్‌బుక్ కాదు. పక్కన తాళం బొమ్మ ఉంది కదా అంటారా? సమాచారం దారిలో ఎవరికీ కనపడకుండా వెళ్తోందని మాత్రమే దాని అర్థం. చేరేది దొంగ ఇంటికే కావచ్చు. జనం దాన్ని చూసి లేనిపోని నమ్మకం పెంచుకుంటున్నారని గూగుల్ 2023లో క్రోమ్‌లోంచి ఆ బొమ్మనే తీసేసింది.

ఇంకో చిన్న గుర్తు. పాస్‌వర్డ్‌లు ఫోన్‌లో సేవ్ చేసుకునే అలవాటుంటే, అసలు సైటులో అవి వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. నకిలీ సైటులో రావు. మన కన్ను మోసపోతుంది కానీ ఫోన్ అడ్రసునే చూస్తుంది. ‘ఇవాళేంటి పాస్‌వర్డ్ రావట్లేదు, నేనే కొడతాలే’ అనుకున్న క్షణంలో ఆగిపోవాలి.

స్టీమ్ అనే ఆటల దుకాణం ద్వారా కంప్యూటర్‌లో ఆడేవాళ్లకు ఇంకో మాయ ఉంది. ‘స్టీమ్‌తో లాగిన్ అవ్వండి’ అంటే చిన్న కిటికీ తెరుచుకుంటుంది, దాని అడ్రసు పట్టీలో అసలు స్టీమ్ అడ్రసే ఉంటుంది! అది కిటికీ కాదు. పేజీ మీద గీసిన కిటికీ బొమ్మ. 2022లో ఈ ఎత్తుతో స్టీమ్ ఆటగాళ్లకు వలలు పన్నిన సంగతి భద్రతా సంస్థలు బయటపెట్టాయి. పట్టుకోవడం తేలికే. ఆ కిటికీని మౌస్‌తో పట్టి బ్రౌజర్ అంచు దాటించి లాగి చూడండి. నిజమైన కిటికీ బయటికొస్తుంది, బొమ్మ రాదు.

> రిడీమ్ కోడ్ల అసలు సంగతి
>
> ఉచిత కోడ్లన్నీ మోసం కావు, అందుకే పిల్లలు పడిపోతారు. ఫ్రీ ఫైర్‌కి నిజంగానే రిడీమ్ కోడ్లు ఉన్నాయి. వాటిని మార్చుకునేది గరీనా సంస్థ సొంత సైటులోనే. గెస్ట్ ఖాతాతో ఆడేవాళ్లకు అవి పనిచేయవు, ఖాతాను ముందు ఫేస్‌బుక్ వంటి దానికి కలుపుకోవాలి. క్రాఫ్టన్ కూడా బీజీఎంఐకి కోడ్లు విడుదల చేసింది. కోడ్ ఎవరు చెప్పినా ఫర్వాలేదు, లింకు మాత్రం ఎవరిదీ నొక్కొద్దు. ఆట పేరుతో ఉన్న అధికారిక సైటును మనమే వెతికి తెరిచి అక్కడ కొట్టాలి.
>
> ఇంకోటి: ఫ్రీ ఫైర్‌లో డబ్బులాంటి డైమండ్లు టాప్అప్ చేయడానికి ప్లేయర్ ఐడీ నంబరు చాలు. ‘సగం ధరకే వేస్తా, పాస్‌వర్డ్ ఇవ్వు బ్రో’ అన్నవాడికి కావాల్సింది పాస్‌వర్డే.

ఆశకు లొంగనివాడు భయానికి లొంగుతాడు

ఉచితం అంటే నమ్మని పిల్లలూ ఉంటారు. వాళ్లకు వేరే మందు సిద్ధంగా ఉంటుంది. ‘మీ ఐడీ మీద హ్యాక్ వాడినట్టు ఫిర్యాదు వచ్చింది. 12 గంటల్లో బ్యాన్ అవుతుంది. మీది కాకపోతే ఇక్కడ ధ్రువీకరించండి.’ రేయింబవళ్లు ఆడి తెచ్చుకున్న ర్యాంకు పోతుందంటే ఎవడికి చెమట పట్టదు? స్టీమ్‌లో దీనికి ఓ ముదురు రూపం ఉంది. ముందు ఓ ఆటగాడు పరిచయమై, ‘బ్రో సారీ, పొరపాటున నీ మీద రిపోర్ట్ కొట్టేశాను. ఈ ఆఫీసర్‌తో మాట్లాడితే తీసేస్తాడు’ అని దిగులుగా చెబుతాడు. ఆ ఆఫీసరూ వాడి మనిషే.

మొహమాటం ఇంకో ఎర. ‘అన్నా, మా క్లాన్‌కి ఒక్క ఓటు వెయ్యవా’, ‘టోర్నమెంట్‌కి స్క్వాడ్ పేరు నమోదు చెయ్యి’, ‘నేనో గేమ్ తయారుచేశా, ఆడి చూసి చెప్పు’. అడిగేది తెలిసినవాడే అయితే కాదనలేం. అడుగుతోంది వాడు కాదు, వాడి ఖాతాలో కూర్చున్నవాడు. ఇలాంటప్పుడు మళ్లీ మెసేజ్ పెట్టి అడిగితే లాభం లేదు, దొంగే ‘అవును నేనే’ అంటాడు. ఫోన్ చేసి గొంతు వినాలి.

ఆడి చూడమన్న గేములూ, గోడల అవతలి శత్రువు కనపడేలా చేస్తామనే హ్యాక్‌లూ, యూట్యూబ్ వీడియో కింద లింకుతో వచ్చే మోడ్ ఏపీకేలూ ఇంకా ప్రమాదం. ఇవి పాస్‌వర్డ్ కూడా అడగవు. కంప్యూటర్‌లో అయితే బ్రౌజర్ దాచుకున్న లాగిన్ గుర్తుల్ని (కుకీలను) ఎత్తుకుపోతాయి. వాటిని తన కంప్యూటర్‌లో పెట్టుకున్న దొంగకు పాస్‌వర్డూ కోడూ రెండూ అక్కర్లేదు. లుమ్మా అనే ఇలాంటి దొంగ ప్రోగ్రామ్ 2025లో రెండు నెలల్లోనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో దూరిందని మైక్రోసాఫ్ట్ లెక్క తేల్చింది. స్టీమ్ దుకాణంలోనే దర్జాగా పెట్టిన పైరేట్‌ఫై అనే ఉచిత గేములో దొంగ ప్రోగ్రామ్ ఉందని అదే ఏడాది ఫిబ్రవరిలో తేలింది. ఫోన్‌లోకి వచ్చిన ఏపీకే ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడిగి, మనం సరేనంటే, ఆటతో ఆగదు. బ్యాంకు ఓటీపీల దాకా వెళ్తుంది.

అమెరికాలో మన తెలుగు కుటుంబాల పిల్లలు ఆడే రోబ్లాక్స్‌లోనూ ఇదే తంతు. అక్కడ బ్రౌజర్ దాచుకునే లాగిన్ గుర్తు మొదట్లోనే, దీన్ని ఎవరికీ ఇవ్వొద్దని సంస్థ పెద్ద అక్షరాల్లో హెచ్చరిక రాసిపెట్టింది. అయినా ‘ఈ పొడవాటి వాక్యం కాపీ చేసి పంపితే రోబక్స్ (ఆటలో డబ్బు) ఇస్తా’ అనేవాళ్లకూ పంపేవాళ్లకూ కొదవ లేదు.

ఇదంతా పిల్లల తెలివితక్కువతనం అనుకోకండి. స్టీమ్‌ని నడిపే వాల్వ్ సంస్థ 2015 డిసెంబరులో నెలకు దాదాపు 77,000 ఖాతాలు దోపిడీకి గురవుతున్నాయని ఒప్పుకుంది. పోగొట్టుకున్నవాళ్లు కొత్తవాళ్లో అమాయకులో కాదనీ, వాళ్లలో ప్రొఫెషనల్ ఆటగాళ్లూ ఉన్నారనీ చెప్పింది.

తాళం ఆటలో లేదు

బీజీఎంఐకో ఫ్రీ ఫైర్‌కో గట్టి పాస్‌వర్డ్ పెట్టమని చెప్పడం సులువు. కానీ మన పిల్లల్లో ఎక్కువమందికి ఆట పాస్‌వర్డ్ అంటూ విడిగా ఉండదు. ఫేస్‌బుక్, గూగుల్, ఎక్స్, యాపిల్‌లలో ఏదో ఒకదాని ద్వారా లోపలికి వెళ్తారు. ఆ ఖాతా ఎవరిది? చాలా ఇళ్లలో నాన్నది. ఫోన్ నాన్నది, జీమెయిల్ నాన్నది, ప్లే స్టోర్‌లో సేవ్ చేసిన కార్డు నాన్నది. పాస్‌వర్డ్ మాత్రం పిల్లాడికి తెలుసు. కొన్ని ఇళ్లలో నాన్నకే తెలియదు, వాడే పెట్టాడు కాబట్టి!

అలాంటి జీమెయిల్‌ని నకిలీ పేజీలో కొడితే పోయేది తుపాకి స్కిన్ కాదు. పెళ్లి ఫొటోలు, ఆధార్ స్కాన్, క్రోమ్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, కాంటాక్టులు అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. యూపీఐకి సిమ్, పిన్ రెండూ కావాలి కాబట్టి జీమెయిల్ పోయినంత మాత్రాన బ్యాంకు ఖాళీ అయిపోదు. మిగతావన్నీ మాత్రం దొంగ ముందు పరిచినట్టే. వీధి తలుపు బార్లా తీసి బీరువాకి తాళం వేసుకుంటే ఏం లాభం?

అందుకే పని మొదలుపెట్టాల్సింది మెయిల్ దగ్గర. పిల్లాడికి వాడి పేరుతోనే వేరే గూగుల్ ఖాతా తీయండి. 13 ఏళ్లలోపు వాళ్లకు ఫ్యామిలీ లింక్ ద్వారా తల్లిదండ్రులే తెరవొచ్చు. ఆటను నాన్న ఖాతా మీద నుంచి దీనికి మార్చే వీలుందేమో ఆట సెట్టింగుల్లో చూడండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. ఆ తర్వాత రెండంచెల భద్రత. ఎస్ఎంఎస్ కోడ్ కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు, దానికన్నా పాస్‌కీ మేలు. పాస్‌కీ గురించి ఒక్కమాట చెప్పాలి. అది మన ఫోన్ లాక్‌తోనే, అంటే వేలిముద్రతోనో పిన్‌తోనో తెరుచుకుంటుంది. ఏ సైటు కోసం చేసిందో ఆ సైటులో తప్ప ఇంకెక్కడా పనిచేయదు. నకిలీ పేజీ ఎంత అందంగా ఉన్నా పిల్లాడు దానికి పాస్‌కీ ఇవ్వాలనుకున్నా ఇవ్వలేడు. గూగుల్ 2023 నుంచి అందరికీ ఇస్తోంది. నా లెక్కన ఇవాళ ఉన్న తాళాల్లో ఇదే గట్టిది. కాకపోతే ఫోన్ లాక్ తెలిసిన ప్రతివాడికీ ఆ తాళమూ తెలిసినట్టే.

గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసి, రేషన్ కార్డు పెట్టిన చోట పెట్టండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే, ఫోన్ పోయిన రోజున అవీ పోతాయి.

> పాత సిమ్ చేసే చేటు
>
> ఏడో తరగతిలో అమ్మ పాత నంబరుతో ఫేస్‌బుక్ తెరిచాడు. ఆ సిమ్‌కి రీఛార్జి మానేశారు. సేవలు ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు కేటాయిస్తారు. అప్పుడు పాస్‌వర్డ్ మర్చిపోయామంటే వచ్చే కోడ్ ఆ కొత్త మనిషికి వెళ్తుంది. పిల్లాడి ఖాతాలో ఇప్పటికీ ఏ నంబరు ఉందో ఒకసారి చూసి, వాడకంలో లేనిదైతే తీసేయండి.

రెండు తలల కుక్కపిల్ల

తాళం వేసుకోమంటే ఎవరూ వినరు. ఈ సంగతి ఆటల సంస్థలకు బాగా తెలుసు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట ఖాతాలు వరసగా పోతుంటే బ్లిజార్డ్ సంస్థ 2008లో తాళంచెవుల గుత్తికి తగిలించుకునే చిన్న పరికరాన్ని ఆరున్నర డాలర్లకు అమ్మింది. నొక్కితే కోడ్ చూపిస్తుంది. తర్వాత ఓ ఉపాయం కనిపెట్టింది. ఆ భద్రత పెట్టుకున్నవాళ్లకు ఆటలో రెండు తలల కుక్కపిల్లను ఉచితంగా ఇచ్చింది. 2018లో ఎపిక్ సంస్థ ఫోర్ట్‌నైట్‌లో రెండంచెల భద్రత పెట్టుకుంటే ఓ డ్యాన్సు ఇస్తామంది. దొంగ ఏ ఎర వేస్తాడో అదే ఎర సంస్థలూ వేశాయన్నమాట, ఈసారి మన మంచికి.

వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ ఇంకో అడుగు ముందుకేశాడు. 2011లో స్టీమ్ గార్డ్ అనే భద్రతా ఏర్పాటును పరిచయం చేస్తూ తన ఖాతా పాస్‌వర్డ్‌నే బహిరంగంగా చెప్పేశాడు, చేతనైతే లోపలికి రండి అన్నట్టు. నాలుగేళ్ల తర్వాత ఆ సంస్థే 77,000 లెక్క చెప్పాల్సి వచ్చింది. తాళం మంచిదే. దాన్ని తీసి ఇవ్వమని అడిగేవాడి నోరు ఇంకా మంచిది.

పోయిన తర్వాత మొదటి గంట

ముందు ఆట జోలికి వెళ్లొద్దు, మెయిల్ పట్టుకోండి. లోపలికి వెళ్లగలిగితే పాస్‌వర్డ్ మార్చి, ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ నొక్కండి. పాస్‌వర్డ్ మార్చి ఇది మర్చిపోతే దొంగ లోపలే ఉండిపోవచ్చు. రికవరీ మెయిల్, ఫోన్ నంబరు మనవేనా చూడండి. దొంగ మొదట మార్చేవి అవే. తర్వాత ఫేస్‌బుక్, ఆ తర్వాత ఆట.

ఆట సంస్థకు ఫిర్యాదు చేసేటప్పుడు ‘నా ఐడీ పోయింది ప్లీజ్’ అంటే పని జరగదు. ఐడీ మనదే అనడానికి రుజువు కావాలి. క్యారెక్టర్ ఐడీ నంబరు, పాత స్క్రీన్‌షాట్లు, అన్నిటికన్నా బలమైనవి కొనుగోలు రసీదులు. ప్లే స్టోర్‌లో కొన్న ప్రతిసారీ మెయిల్‌కి ‘జీపీఏ’ అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరుతో రసీదు వస్తుంది. మెయిల్ కూడా చేజారితే తప్ప అది దొంగ దగ్గర ఉండదు. అందుకే ఇవాళే ఆ రసీదులు వెతికి వేరే మెయిల్‌కి పంపి ఉంచుకోవడం తెలివైన పని. ఐడీని కొనుక్కున్నవాళ్ల పరిస్థితి ఇక్కడే తెలుస్తుంది. మొదటి రసీదులు పాత యజమాని దగ్గర ఉంటాయి. వాడు ఫిర్యాదు చేస్తే ఐడీ వాడికే పోతుంది, కొన్నవాడు చెప్పుకోవడానికి చోటుండదు.

ఈ గంటలోనే గోరుచుట్టుపై రోకటిపోటు కాచుకుని ఉంటుంది. ఐడీ పోయిందని ఎక్కడైనా రాయగానే ‘రికవరీ ఎక్స్‌పర్ట్’ ప్రత్యక్షమవుతాడు. ముందు రెండొందలు, తర్వాత ‘సర్వర్ ఫీజు’, చివరికి ఉన్న ఇంకో ఖాతా పాస్‌వర్డ్. పోయిన ఐడీని డబ్బులకు తెచ్చిపెట్టే మనిషి బయట ఎవరూ లేరు.

డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై ఆదేశాల ప్రకారం, కోడ్ మనమే ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనది, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. ఐడీ ఒక్కటే పోయినా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు. వేరేవాళ్ల పాస్‌వర్డ్‌ని మోసంతో వాడితే ఐటీ చట్టం 66సీ, వేరేవాళ్లలా నటించి మోసగిస్తే 66డీ సెక్షన్లు ఉన్నాయి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ‘గేమ్ ఐడీకి కూడా కేసేంటి’ అని ఎవరైనా నవ్వితే ఈ సెక్షన్లు చెప్పండి.

చెప్పుకోలేని పిల్లలు

2025 అక్టోబరులో ముంబయిలో సైబర్ అవగాహన మాసం ప్రారంభిస్తూ నటుడు అక్షయ్ కుమార్ తన ఇంట్లో జరిగింది చెప్పారు. కూతురు ఆన్‌లైన్ గేమ్ ఆడుతుంటే అవతలి అపరిచితుడు ముందు మర్యాదగా మాట్లాడి, అబ్బాయివా అమ్మాయివా అని అడిగి, చివరికి నగ్న చిత్రాలు పంపమన్నాడట. ఆ పిల్ల ఆట కట్టేసి, నేరుగా వెళ్లి తల్లికి చెప్పింది.

ఆ కథలో నాకు ముఖ్యంగా అనిపించింది చివరి మాట. చెప్పగలిగింది. మన ఇళ్లలో రాత్రి దొంగచాటుగా ఆడే పిల్లాడు చెప్పలేడు. చెబితే ముందు ‘ఆ టైములో నీకు ఫోనెందుకు’ అనే ప్రశ్న వస్తుంది. అందుకని దొంగతోనే బేరమాడతాడు. దొంగ వెయ్యి అడిగితే స్నేహితుల దగ్గర అప్పు చేస్తాడు. ‘మీ నాన్న మెయిల్‌లో ఫొటోలు ఉన్నాయి, బయటపెడతా’ అంటే నాన్న యూపీఐ పిన్ గుర్తుపెట్టుకుంటాడు. ఐడీతో మొదలైంది ఐడీతో ఆగకపోవడానికి సగం కారణం ఇంటి భయమే. ఇది పిల్లల తప్పు కాదని అనడం లేదు. తప్పు చేసినవాడు ముందు ఇంటికి రావాలా, దొంగ దగ్గరికి వెళ్లాలా అన్నది మాత్రం పెద్దవాళ్ల చేతిలో ఉంది.

సంస్థలకూ బాధ్యత ఉంది. స్కిన్ కొనేటప్పుడు ఒక్క నొక్కుతో డబ్బు తీసుకునే ఆట, ఐడీ పోయిందంటే ఫారాలు నింపిస్తుంది. ఫిర్యాదుకు తెలుగులో సమాధానమిచ్చే మనిషిని పెట్టడం వాటికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ ఆదివారం పిల్లాడి పక్కన కూర్చుని, ఆట ఏ ఖాతాకు కట్టి ఉందో వాణ్నే చూపించమనండి. ఆ ఖాతాలో సెక్యూరిటీ పేజీ తెరిచి, తెలియని ఫోన్ ఏదైనా లాగిన్ అయి ఉందేమో చూడండి. పాత నంబరుంటే తీసేసి, పాస్‌కీ పెట్టించండి. లింకు నొక్కి మోసపోతే తిట్టనని ముందే మాటివ్వండి. 1930ని వాడి ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ సేవ్ చేయండి.